మా నాన్నని స్త్రీ అని రాసారు, నాలుగు నెలలైనా దిద్దట్లేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మా నాన్న రిటైర్డ్ టీచర్. సంక్రాంతి అయిన వారానికి ఇక్కడే హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో చనిపోయారు. దినాలు అయిపోయాక డెత్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాం కానీ అప్పుడు ఇంట్లో ఎవరికీ దాన్ని కూర్చుని చదివే ఓపిక లేదు, మడిచి బీరువాలో పెట్టేసాం. తర్వాత అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ కోసం కాగితాలన్నీ పట్టుకుని వెళ్తే కౌంటర్‌లో మేడం చూసి, ఇందులో స్త్రీ అని ఉంది కదండి, ఇది మేం తీసుకోలేం దిద్దించుకుని రండి అన్నారు. చూస్తే నిజంగానే తెలుగులో స్త్రీ అని, ఇంగ్లీషులో ఫిమేల్ అని రెండు చోట్లా ఉంది. నాన్న పేరులో లక్ష్మి అని వస్తుంది, అది చూసి ఆడవాళ్ళ పేరనుకుని టైప్ కొట్టి ఉంటారు. పొరపాటు ఎవరికైనా అయితది, ఆ కొట్టిన మనిషి మీద నాకు కోపం లేదు.

కోపమంతా ఆ తర్వాత జరిగిందాని మీదే. మున్సిపల్ ఆఫీసుకి పోతే హాస్పిటల్ వాళ్ళు పంపిందే మేం ఎక్కించాం, వాళ్ళనే అడగండి అన్నారు. హాస్పిటల్ వాళ్ళేమో వాళ్ళ రికార్డులో పురుషుడు అనే ఉందని చూపించి, లెటర్ రాసి స్టాంప్ వేసి ఇచ్చారు. అది తీసుకెళ్తే లెటర్ సరిపోదు నోటరీ అఫిడవిట్ కావాలన్నారు, అది చేయిస్తే నాన్న ఆధార్, పెన్షన్ బుక్కు జిరాక్సులు అన్నారు, అవీ ఇస్తే ఏఎంఓహెచ్ సారు (ఈ సర్టిఫికెట్లు చూసే మున్సిపల్ హెల్త్ ఆఫీసర్) ఫీల్డ్‌కి పోయారు, తర్వాత సర్వర్ పనిచేస్తలేదు, ఆ తర్వాత ఆ సీటాయన ట్రాన్స్‌ఫర్ అయ్యారు, కొత్తగా వచ్చినాయన ఫైల్ కనపడట్లేదు మళ్ళీ ఒక సెట్ ఇవ్వండి అన్నారు. మొదటిసారి ఇచ్చినప్పుడు కాగితాలు అందినట్టు వేసే ఇన్‌వర్డ్ నంబర్ అడిగితే అవసరం లేదన్నది కూడా ఆ ఆఫీసులోనే. ఇప్పటికి ఏడు సార్లు తిరిగా, తిరిగిన ప్రతిసారీ హాఫ్ డే లీవ్ పెట్టి అక్కడి నుంచి మెట్రోలో రాయదుర్గంలో డ్యూటీకి పరిగెత్తడమే.

ఐదోసారి అమ్మని తీసుకురమ్మన్నారు. అమ్మకి షుగర్, మోకాళ్ళ నొప్పులు, లిఫ్ట్ లేదు, పట్టుకుని రెండో ఫ్లోర్ ఎక్కించా. అక్కడ ఒకాయన అందరి ముందు, మీ ఆయన మగాయనే అని ప్రూఫ్ ఏముందమ్మా అని అడిగాడు. నలభై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన మనిషిని. క్యూలో ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. అమ్మ అక్కడ ఏం మాట్లాడలేదు, ఆటోలో కూడా మాట్లాడలేదు, ఇంటికొచ్చాక మాత్రం, ఇగ నాకు ఆ పైసలు వద్దు బిడ్డా, నన్ను మళ్ళ ఆడికి తీస్కపోకు అన్నది. నాన్న పెన్షన్ ఆగిపోయింది, అమ్మది మొదలవ్వలేదు. బకాయిలతో కలిపి తర్వాత వస్తది అంటున్నారు సరే, ఈ నెల మందులు ఈ నెలే కదా కొనాల్సింది.

ఆ రాత్రి నిద్ర పట్టక చట్టం తీసి చదివా. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టంలో 15వ సెక్షన్ ఉంది. నమోదులో తప్పు పడిందని రిజిస్ట్రార్‌కి రుజువైతే పాత ఎంట్రీని చెరపకుండా పక్కన మార్జిన్‌లో దిద్ది, సంతకం చేసి తేదీ వెయ్యాలి. అంతే పని. 2023లో ఈ చట్టాన్ని సవరించారు, ఆ సంవత్సరం అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, రిజిస్ట్రార్ చేసింది నచ్చకపోతే 30 రోజుల్లో పైఆఫీసర్‌కి అప్పీల్ చేసుకోవచ్చు, ఆయన 90 రోజుల్లో తేల్చాలి. చదివి కాస్త ధైర్యం వచ్చింది కానీ అప్పీల్ చెయ్యాలంటే వాళ్ళు ఏదో ఒకటి చేసైనా ఉండాలి, ఆర్డరైనా ఇచ్చి ఉండాలి కదా, మాకు కుదరదు అని కాగితం మీద ఎవరూ రాసివ్వరు, రేపు రండి సోమవారం రండి అంటారు, ఆ మాట మీద ఎక్కడ అప్పీల్ చెయ్యాలి?

ఇదే సవరణతో ఆ తేదీ తర్వాత పుట్టిన పిల్లలకి స్కూల్ అడ్మిషన్ నుంచి ఓటు, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్ దాకా బర్త్ సర్టిఫికెటే ఆధారం అయ్యింది. ఆ పిల్లల కాగితంలో ఒక్క అక్షరం తప్పు పడితే వాళ్ళ అమ్మానాన్నలు ఇంకెన్ని చోట్ల నిలబడాలో తలుచుకుంటేనే భయమేస్తోంది.

పక్కనే కర్ణాటకలో 2011లో సకాల అని చట్టం తెచ్చారు. అర్జీ పెడితే నంబర్, గడువు తేదీ ఉన్న రసీదు ఇస్తారు, గడువు దాటితే రోజుకి 20 రూపాయల లెక్కన గరిష్ఠంగా 500 దాకా అర్జీదారుకి ఇవ్వాలి, అది బాధ్యుడైన ఉద్యోగి దగ్గరే వసూలు చేస్తారు. నాకు ఆ 500 అక్కర్లేదు, ఆ రసీదు కావాలి. ఇంకొకటి, హాస్పిటల్ రికార్డు ఒకలా, సర్టిఫికెట్ ఇంకోలా ఉంటే ఆ రెండూ పోల్చుకునే పని ఆఫీసే చెయ్యాలి, భర్త పోయిన ఆవిడని పిలిచి ప్రూఫ్ అడగకూడదు. సర్టిఫికెట్ ఫైనల్ చేసే ముందు ఇంట్లోవాళ్ళకి ఒకసారి చూపించి సంతకం తీసుకున్నా మాకీ తిరుగుడు ఉండేది కాదు.

వచ్చే సోమవారం మళ్ళీ రమ్మన్నారు, అమ్మని తీసుకెళ్ళను, నేనొక్కడినే పోతా. ఈసారి ఇన్‌వర్డ్ నంబర్ వేసిచ్చే దాకా కౌంటర్ దగ్గర నుంచి కదలను.

ఇట్లు
మీ పాఠకుడు,
హైదరాబాద్