పెడల్ మీద కాలు

చి. చిన్నీకి,

అమ్మ దీవెనలు.

సోమవారం నుంచి అబ్లేషన్ కాథెటర్ (సిర గుండా గుండెలోకి పంపి దడకు కారణమైన చోటును కాల్చే సన్నని గొట్టం) నీ చేతికిస్తున్నారని, మొదటి కేసు ఏవీఎన్‌ఆర్‌టీ (ఏవీ నోడ్ దగ్గరి రెండు దారుల్లో కరెంటు చుట్టూ తిరగడం వల్ల వచ్చే దడ) అని రాశావు. చాలా సంతోషం. ఇన్నాళ్లూ పక్కన నిలబడి చూశావు. కరెంటు వదిలే పెడల్ మీద కాలు పెట్టి నిలబడడం వేరుగా ఉంటుంది. అందుకే నీకు తెలిసినవే అయినా కొన్ని సంగతులు మళ్లీ చెబుతున్నాను.

ఏవీఎన్‌ఆర్‌టీని తేలిక కేసు అంటారు. ఆ మాట నువ్వు నమ్మకు. కాల్చాల్సిన చోటు చిన్నదే, ఎక్కడుంటుందో తెలిసిందే. కానీ దానికి కొన్ని మిల్లీమీటర్ల పైనే, కర్ణికల నుంచి జఠరికలకు కరెంటును దించే ఏవీ నోడ్, హిస్ కట్ట ఉన్నాయి. దడ వచ్చినప్పుడు మనిషి ఎంత హడలిపోయినా ఈ జబ్బు ప్రాణం తీయడం చాలా అరుదు. మన చేయి జారితే మాత్రం ఆ మనిషి బతికినంత కాలం పేస్‌మేకర్ మోయాలి. 1982లో షైన్‌మన్, గల్లఘర్ బృందాలు కాథెటర్ గుండా డీసీ షాక్ ఇచ్చినప్పుడు, ఏవీ జంక్షన్‌ను (ఆ నోడ్, హిస్ కలిసిన చోటును) తెంపేయడమే చికిత్స. 1992లో జాక్‌మన్ బృందం రేడియోఫ్రీక్వెన్సీ కరెంటుతో, ఆ రెండు దారుల్లో నెమ్మదిదైన స్లో పాత్‌వేను మాత్రమే కాల్చి చూపించింది. అప్పటినుంచి ఆ జంక్షన్‌ను కాపాడడమే మన పనిలో పెద్ద భాగమైంది. చేయి తిరిగినవాళ్ల దగ్గర కూడా నూటికి ఒకరికో, అంతకన్నా తక్కువమందికో బ్లాక్ (కరెంటు జఠరికలకు దిగకపోవడం) వస్తూనే ఉంది.

పని తొడ దగ్గరే మొదలవుతుంది. ఫెమొరల్ సిర ధమనికి లోపలి పక్కన ఉంటుంది. అల్ట్రాసౌండ్ పెట్టి, ధమనీ సిరా పక్కపక్కన విడివిడిగా కనబడేచోట గుచ్చు. మరీ కిందికి పోతే ధమని సిర మీదికి వచ్చేస్తుంది, సూది రెండింటినీ దాటి ఫిస్టులా (రెండింటి మధ్య అడ్డదారి) మిగులుతుంది. గజ్జ లిగమెంటు దాటి పైన గుచ్చితే రక్తం పొత్తికడుపు వెనక్కి కారుతుంది. అక్కడ వేలితో అదమడానికి ఎముక ఆనిక ఉండదు, బయటికి వాపూ కనబడదు.

కాల్చే ముందు రోగనిర్ధారణ తేలాలి. దడ మందులు ఆపి కనీసం ఐదు హాఫ్‌లైఫ్‌లు (ఒంట్లో మందు సగానికి తగ్గే కాలాలు) గడిచాయో లేదో చూడు. కర్ణికలో మనమిచ్చే ఏట్రియల్ ఎక్స్‌ట్రా బీటును 10 మిల్లీసెకన్లు ముందుకు జరిపినప్పుడు ఏహెచ్ (కర్ణిక నుంచి హిస్‌కు పట్టే సమయం) 50 లేదా అంతకుమించి పెరిగితే జంప్ ఉన్నట్టు, అంటే కరెంటు స్లో పాత్‌వేలోకి మళ్లినట్టు. జంప్ ఉన్నంత మాత్రాన దడకు కారణం అదేనని చెప్పలేం. దడను రప్పించి సెప్టమ్ (గుండె మధ్య గోడ) దగ్గర వీఏ (జఠరిక సంకేతం వీ నుంచి కర్ణిక సంకేతం ఏ వరకు పట్టే సమయం) కొలువు. 70 మిల్లీసెకన్ల లోపు ఉంటే ఆర్థోడ్రోమిక్ ఏవీఆర్‌టీ (పుట్టుకతో ఉన్న అదనపు దారి గుండా తిరిగే దడ) ఉండదు, ఏట్రియల్ టాకీకార్డియా (కర్ణికలోనే పుట్టే దడ) మాత్రం ఇంకా మిగిలే ఉంటుంది. అందుకని కుడి జఠరిక నుంచి పేస్ చేసి (చిన్న కరెంటు పల్సులతో కొట్టించి) ఆపు. వీ-ఏ-వీ వస్తుందా, వీ-ఏ-ఏ-వీ వస్తుందా చూడు. రెండోది వస్తే ఏట్రియల్ టాకీకార్డియాను అనుమానించు. పేసింగ్ ఆపాక అక్కడికి తొలి బీటు తిరిగొచ్చే వ్యవధి, టాకీకార్డియా సైకిల్ (దడ బీటుకూ బీటుకూ మధ్య వ్యవధి) కన్నా 115 మిల్లీసెకన్లకు మించి ఎక్కువుంటే ఏవీఎన్‌ఆర్‌టీ వైపు మొగ్గొచ్చు. ఈ పదిహేను నిమిషాలు తొందరపడితే తర్వాత రెండు గంటలు తప్పు చోట వెతుక్కుంటావు.

ఇక కాల్చే చోటు ఉండే కాక్ త్రికోణం. ఒక పక్క టొడారో స్నాయువు, ఇంకో పక్క ట్రైకస్పిడ్ కవాటపు సెప్టల్ రెక్క, అడుగున కొరోనరీ సైనస్ (గుండె సొంత సిర) కర్ణికలోకి తెరుచుకునే నోరు, కొసన హిస్. ముందు హిస్ కాథెటర్‌ను బాగా నిలబెట్టుకుని, ఆర్‌ఏఓ, ఎల్‌ఏఓ (కుడి, ఎడమ ఏటవాలు ఎక్స్‌రే కోణాలు) రెండింట్లోనూ దాని చోటు గుర్తుపెట్టుకో. తర్వాత అబ్లేషన్ కాథెటర్‌ను అడుగునుంచి, అంటే సైనస్ నోటికీ కవాటానికీ మధ్యనుంచి మొదలుపెట్టు. అక్కడి సంకేతంలో ఏ చిన్నగా, వీ పెద్దగా ఉండాలి. ఆ కాథెటర్ మీద హిస్ జాడ ఏ కాస్త కనబడినా అక్కడ పెడల్ తొక్కొద్దు. కింద పని కాలేదని పైకి జరగాలనిపిస్తుంది. అలా జరిగే ప్రతి మిల్లీమీటరుకూ ప్రమాదం పెరుగుతుంది. సైనస్ నోటి పైకప్పు ఎత్తుకు మించి వెళ్లాలనిపిస్తే ముందు పెద్దవాళ్లను పిలువు.

చల్లబరిచే నీళ్లు పారని 4 మి.మీ. కాథెటర్ టిప్‌కు 30 వాట్లతో మొదలుపెట్టి అవసరమైతే 50 వరకు, ఉష్ణోగ్రత పరిమితి 55–60 డిగ్రీలు. కరెంటు నేరుగా వేడెక్కించేది టిప్ ఆనిన ఒకటి రెండు మిల్లీమీటర్లనే. అంతకన్నా లోతుకు ఆ వేడే మెల్లగా పాకుతుంది. 50 డిగ్రీలు దాటి కాసేపు నిలిస్తే కణం తిరిగి లేవదు. అంచున అంతకు తక్కువ వేడి తగిలిన కణాలు మాత్రం మూర్ఛపోయినట్టు ఉండి కోలుకుంటాయి. పొరపాటున కండక్షన్ తగ్గినప్పుడు వెంటనే కాలు తీస్తే అది చాలాసార్లు తిరిగి రావడానికి కారణం ఇదే. రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే ఆ అంచు కూడా కాలిపోతుంది. ఇంపీడెన్స్ (కరెంటుకు అడ్డు) మీద కూడా ఒక కన్నేసి ఉంచు. మొదటి సెకన్లలో 5–10 ఓములు తగ్గితే టిప్ బాగా ఆనినట్టు. తగ్గకపోతే వేడి రక్తంలోకి పోతోంది. ఒక్కసారిగా పైకి లేస్తే టిప్ మీద రక్తం మాడి పేరుకుంది. ఆపి, బయటికి తీసి, తుడిచి చూడాలి.

నీకు అసలు చెప్పాలనుకున్నది ఇది. పెడల్ తొక్కాక స్క్రీన్ మీద నీ కన్ను ఎక్కడుండాలి? సరైన చోట పడితే కొన్ని సెకన్లలో జంక్షనల్ బీట్లు (ఏవీ జంక్షన్ నుంచే పుట్టే బీట్లు) వస్తాయి. అవి రాగానే అందరి మొహాలూ వెలుగుతాయి. నువ్వు మాత్రం సైనస్ చానెల్ (కొరోనరీ సైనస్‌లోని కాథెటర్ గీసే గీత) మీదనుంచి కన్ను తీయకు. ప్రతి జంక్షనల్ వీతోనూ, దాదాపు దాన్ని అంటిపెట్టుకునే, ఒక ఏ ఉండాలి. వీ, ఏ. వీ, ఏ. వీ, ఆ పక్కన ఏ లేదు. అంతే, కాలు తీసెయ్యి. ఇంకో బీటు చూసి నిర్ధారించుకుందామని ఆగకు. ఆ తప్పిన ఒక్క ఏ, మనం కాపాడాల్సిన రెండో దారికి, ఫాస్ట్ పాత్‌వేకు, వేడి తగులుతోందని చెబుతోంది. జంక్షనల్ బీట్లు మరీ వేగంగా, 350 మిల్లీసెకన్లలోపు సైకిల్‌తో వచ్చినా, పీఆర్ (ఈసీజీలో కర్ణిక నుంచి జఠరికకు పట్టే సమయం) పెరిగినా ఇదే మాట. రికార్డర్ దగ్గర కూర్చున్న టెక్నీషియన్‌కు "ఆపు" అనే హక్కు కేసు మొదలుపెట్టేముందే ఇవ్వు. వాళ్ల కన్ను నీకన్నా ముందు పట్టిన సందర్భాలు తప్పకుండా వస్తాయి.

ఇక్కడ కొత్తవాళ్లు మరిచిపోయేది ఒకటుంది. కొందరికి మొదటినుంచీ వీఏ కండక్షన్ సరిగా ఉండదు. వాళ్ల జంక్షనల్ బీట్ల వెనక ఏ రాకపోవడం మామూలే గనుక ఆ గుర్తు పనికిరాదు. కాల్చేముందే జఠరికను పేస్ చేసి ఇది తేల్చుకో. అలాంటివాళ్లకు జంక్షనల్ వేగాన్ని మించి కర్ణికను పేస్ చేస్తూ, ప్రతి ఏ కిందికి దిగుతోందో లేదో చూస్తూ కాల్చాలి.

పది పదిహేను సెకన్లకూ జంక్షనల్ రాకపోతే చోటు మార్చు. వస్తే, అంతా సవ్యంగా ఉంటే 30–60 సెకన్లు. ఈలోగా రోగి దగ్గినా, గట్టిగా ఊపిరి పీల్చినా టిప్ పైకి జారొచ్చు. "కదలకండి, దగ్గు వచ్చేలా ఉంటే ముందే చెప్పండి" అని ముందుగా నువ్వే నోటితో చెప్పు.

తర్వాత ఐసోప్రినలిన్ (గుండె వేగం పెంచే మందు) లేకుండా ఒకసారి, ఇచ్చి ఒకసారి దడను రప్పించడానికి చూడు. అరగంట ఆగి మళ్లీ చూడు. దడ రాకుండా, జంప్‌తో పాటు ఒక్క ఎకో బీటు (వెనక్కి తిరిగొచ్చి ఆగిపోయే బీటు) మిగిలితే అది చాలు. ఆ జంప్‌ను కూడా తుడిచేయాలని మళ్లీ పెడల్ తొక్కినప్పుడే చాలా బ్లాకులు జరుగుతాయి. దడ తిరగబెడితే ఇంకోరోజు చేసుకోవచ్చు. హిస్ బాగా కిందికి ఉంటేనో, చిన్నపిల్లలకైతేనో క్రయో (కాల్చే బదులు చల్లబరిచి గడ్డకట్టించే పద్ధతి) అడుగు. మైనస్ 30 డిగ్రీల దగ్గర ఆగి, కండక్షన్ పాడవుతోందేమో పరీక్షించి, వెనక్కి రావచ్చు. తిరగబెట్టడం దాంట్లో కొంచెం ఎక్కువ. నా లెక్కలో అది పేస్‌మేకర్‌కన్నా మేలే.

కేసు మధ్యలో బీపీ పడిపోతే వేగల్ (నరాల ప్రతిచర్య) అని సరిపెట్టుకోకు, గుండె చుట్టూ రక్తం చేరిందేమో అనుకో. ఫ్లోరోలో (కదిలే ఎక్స్‌రేలో) గుండె అంచు కదులుతోందా చూడు, ఎకో ప్రోబ్ వెంటనే పెట్టించు. డ్రెయిన్ సెట్టు ఏ అలమరలో ఉందో సోమవారం పొద్దున కేసుకు ముందే కళ్లారా చూసుకో.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికలు అడ్డదిడ్డంగా వణికే జబ్బు) కేసులు నీకింకా ఇవ్వరు గానీ, వార్డులో ఆ రోగులను చూసేది మీరే. అబ్లేషన్ అయిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఎవరైనా జ్వరం, మింగితే నొప్పి, మాట తడబాటు అంటూ వస్తే, అన్నవాహికకూ కర్ణికకూ మధ్య రంధ్రం పడిందేమోనని అనుమానించు. ఎండోస్కోపీ చేయనివ్వకు. దాంట్లో ఊదే గాలి ఆ రంధ్రం గుండా గుండెలోకి, అక్కడినుంచి మెదడుకు పోతుంది. ఛాతీ సీటీ తీయించి, సర్జన్‌ను పిలువు. ఈ మాట డిశ్చార్జ్ కాగితం మీద రోగి భాషలో, పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వు. వాళ్లు జ్వరంతో ముందుగా వెళ్లేది మన దగ్గరికి కాదు, వాళ్లకు దగ్గరున్న ఏ డాక్టరు దగ్గరికో. ఆ కాగితం ఆయన చేతిలో పడాలి.

సోమవారం కేసు అయ్యాక ట్రేసింగులు దాచిపెట్టు. జంక్షనల్ వచ్చిన చోట సైనస్ చానెల్‌ను ఇద్దరం కలిసి బీటు బీటుగా చూద్దాం.

ప్రేమతో,
అమ్మ