పాడే గొంతులు రాలిపోతున్నాయి, మంత్రి గారూ

గౌరవనీయులైన మంత్రి గారికి,

తెలంగాణ సాయుధ పోరాట కాలపు పాటలను ఊరూరా తిరిగి రికార్డు చేయిస్తామన్న పథకం గురించి నేను రాస్తున్న నాలుగో ఉత్తరమిది. మొదటి మూడింటికీ జవాబు రానందున అందరి ముందూ రాయవలసి వస్తోంది. మన్నించండి.

సభ జరపాలంటే గస్తీ నిషాన్ 53 అనే సర్కారు ఉత్తర్వు అడ్డం పడే నైజాం రోజుల్లో, అక్షరం రాని పల్లెలకు సంఘం (ఆంధ్ర మహాసభ) మాటను మోసుకెళ్ళింది పాటే. సుద్దాల హనుమంతు గారి గొల్లసుద్దులు చేసిన పని అదే. ఆ పాలనను పాట ఒక్కటే కూల్చిందని నేను అనను. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నెత్తురు చిందింది, 1948 సెప్టెంబరులో భారత సైన్యం దిగింది. అయితే దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడిచిన మనుషులు నైజాము సర్కారును ‘కొడుకో’ అని నిలదీసే ధైర్యం బండి యాదగిరి ‘బండెనక బండి గట్టి’ పాటలోనే తెచ్చుకున్నారు. పోర్చుగల్‌లో 1974 ఏప్రిల్ 25న తిరుగుబాటుకు సంకేతంగా రేడియోలో మోగిన పాట అప్పటికే రికార్డయి ఉంది కనుక నిలిచింది. మన పాటలు నోటినుంచి నోటికి నడిచాయి. ఆ నోళ్ళు మూతపడితే అవీ పోతాయి.

మా నాయనమ్మ నాట్లు వేస్తూ ఆ యాదగిరి పాట పాడేది. పుస్తకాల్లో ఉన్న చరణాలు అయిపోయాక, మా ఊరి వెట్టి గురించి, దొర ఇంటికి మోసిన కట్టెల మోపుల గురించి మరో అయిదారు చరణాలు అందుకునేది. అవి ఏ కాగితం మీదా లేవు. రికార్డు చేయమని దరఖాస్తు పెడితే ఆమె వయసుకు రుజువు తెమ్మన్నారు, తెచ్చాం. ఆనాడు ఆమె పాడినట్టు ధ్రువపత్రం కావాలన్నారు. రాత్రిపూట పశువుల కొట్టంలో గొంతు తగ్గించి పాడిన పాటకు ధ్రువపత్రం ఎవరివ్వగలరు, మంత్రి గారూ? ఆ తిరుగుడులోనే నిరుటి చలికాలం ఆమె కన్నుమూసింది. నా ఫోనులో నాలుగు నిమిషాల పాట మిగిలింది. మూడో చరణం దగ్గర దగ్గు తెర వచ్చి ఆగిపోతుంది, ఆ తర్వాత వినిపించేది కోళ్ళ అరుపే.

ఆమెతో కలిసి నాట్లు వేసిన ఒక పెద్దమ్మ ఇంకా ఉంది. తొంభై దాటాయి, చెవులు వినపడవు, కానీ మొదటి పదం పెదవి కదిలించి చూపిస్తే చాలు, చివరిదాకా పాడుతుంది. మీకు చేతులు జోడించి అడుగుతున్నాను, పత్రాల సంగతి తర్వాత చూసుకోవచ్చు. వానాకాలం నాట్లు పడేలోగా ఒక మనిషిని, ఒక మైకును పంపించండి.

ఇట్లు,
జనగామ ప్రాంతపు ఒక రైతుబిడ్డ