అర్ధరాత్రి గుర్రం కాన్పుకు ఆదుకున్న డాక్టరమ్మ గారికి, అందరికీ కృతజ్ఞతలు

నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి దిక్కు గుర్రాలు సాకేవాళ్లందరి తరఫున ఈ మాటలు రాస్తున్నాం. మార్వాడీ గుర్రం ఈనేటప్పుడు తల్లినీ పిల్లనూ దక్కించిన డాక్టరమ్మ గారికి, ఆమె వెంట వచ్చిన కాంపౌండర్ అన్నకు చేతులెత్తి మొక్కుతున్నాం. వాళ్లు ఏం చేశారో వివరంగా చెబితే చూడి గుర్రాలున్న ఇళ్లకూ పనికొస్తుంది.

ఫోన్ ఎత్తగానే డాక్టరమ్మ గారు అడిగిన మొదటి ప్రశ్న: "సంచి తెల్లగా ఉందా, ఎర్రగా ఉందా?" అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. మామూలు కాన్పులో తెల్లటి పలుచని పొర ముందు కనబడుతుంది. దాని లోపల రెండు ముందుకాళ్లు, ఒకటి కాస్త ముందుగా, గిట్టల అడుగులు నేలవైపు, వాటి మీద ముక్కు. ఎర్రగా మఖమల్ గుడ్డలాంటిది వచ్చిందంటే పిల్ల పుట్టకముందే మాయ ఊడిపోతోందన్నమాట. ఇక తల్లి నుంచి పిల్లకు ప్రాణవాయువు అందదు. ఆ రాత్రి ఎర్రదే వచ్చింది, డాక్టరు వచ్చేదాకా ఆగడానికి వీల్లేదు. "కత్తెరతో ఎర్ర సంచి కోయండి, లోపలి తెల్ల పొర చింపండి, రెండు కాళ్లు పట్టుకుని తల్లి ముక్కినప్పుడల్లా లాగండి, నేరుగా వెనక్కి కాదు, తల్లి వెనక మోకీళ్ల వైపు కిందికి" అని లైన్లోనే ఉండి చేయించారు. ఎర్ర సంచి లేకపోయినా, ఉమ్మనీరు పోయాక 10, 15 నిమిషాల్లో కాళ్లు కనబడకపోతే ఫోన్ చేయాల్సిందే. గుర్రానికి ఆవులా గంటల వ్యవధి ఉండదు, అరగంటలో పిల్ల బయట ఉండాలి.

పిల్ల బయటికి వచ్చాక దాన్ని రొమ్ము నేలకు ఆనేలా కూర్చోబెట్టి, ముక్కు తుడిచి, తువ్వాలుతో గట్టిగా రుద్దారు. బొడ్డు కోయలేదు, దానంతటది తెగనిచ్చారు. క్రిములను చంపే 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ మందు ఒక వంతుకు మూడు వంతుల నీళ్లు కలిపి బొడ్డు ముంచారు. ఘాటు టింక్చర్ అయోడిన్ చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి వద్దన్నారు.

పిల్ల గంటలో లేవాలి, రెండు గంటల్లో పాలు తాగాలి. ఈ పిల్ల లేచింది కానీ చప్పరించలేదు. అలాంటి పిల్లకు సీసాతో పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకే ముర్రుపాలు పిండి, ముక్కు గొట్టంతో గంటకు పావు లీటరు చొప్పున పోశారు. గుర్రప్పిల్ల కడుపులో ఉండగా తల్లి రక్తం నుంచి రోగనిరోధక శక్తి దాదాపు ఏమీ రాదు, అంతా ముర్రుపాల నుంచే. మొదటి ఆరేడు గంటల్లో పేగులు బాగా పీల్చుకుంటాయి, 24 గంటలకు ఆ దారి మూసుకుపోతుంది. పాలు చిక్కనివో కావో చూడ్డానికి చక్కెర ఫ్యాక్టరీ ఫీల్డుమన్ తమ్ముడు చెరకు రసం చూసే బ్రిక్స్ మీటరు పట్టుకొచ్చాడు. అద్దం మీద రెండు చుక్కలు వేస్తే చాలు, 23 దాటితే మంచి పాలే. తమ్ముడూ, నీకు ప్రత్యేకంగా థాంక్స్.

మాయ మూడు గంటల్లో పడాలి. పడకపోతే చేత్తో లాగకూడదు, బరువు కట్టకూడదు. తొక్కకుండా ముడేసి పైకి కట్టి, డాక్టరమ్మ గారు గర్భసంచి ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ మందు ఇచ్చారు. పడ్డాక మాయను నేల మీద పరిచి, దానికి కొమ్ముల్లా ఉండే రెండు పాయలనూ చివరిదాకా వెతికారు. కడుపులో పిల్ల లేని వైపు కొమ్ము కొసే ఎక్కువగా తెగి లోపల ఉండిపోతుంది. ఆ చిన్న ముక్క కుళ్లితే గర్భాశయం చెడి, విషం గిట్టలకెక్కి గుర్రం శాశ్వతంగా కుంటిదైపోవచ్చు. అంత అలసటలోనూ లాంతరు దగ్గరికి జరుపుకుని ఓపిగ్గా వెతికిన ఆమెను చూస్తే దండం పెట్టాలనిపించింది.

ఎర్ర సంచితో పుట్టిన పిల్ల మొదటి రోజు బాగానే కనబడి, రెండో రోజు పొదుగు మరిచి గోడలు నాకవచ్చు. అందుకే కాంపౌండర్ అన్న మర్నాడూ వచ్చి, పుట్టాక పడాల్సిన మొదటి నల్ల లద్దె పడిందా అని చూసి, రక్తం తీసుకెళ్లాడు. ముర్రుపాల నుంచి రక్తంలోకి చేరిన రోగనిరోధక శక్తిని చూపే ఐజీజీ డెసిలీటరుకు 800 మిల్లీగ్రాములు దాటాలి, దాటింది. ఇప్పుడు పిల్ల సొంతంగా తాగుతోంది.

అర్ధరాత్రి షట్టరు తీసిన మెడికల్ షాపు మామకూ కృతజ్ఞతలు.

మాళేగావ్ ఖండోబా యాత్రలో చూడి గుర్రం కొనేవాళ్లు ఈనే చోటికి కనీసం నెల ముందే తెచ్చి కట్టండి, ఈనడానికి 4 నుంచి 6 వారాల ముందు టీటీ (ధనుర్వాతం టీకా) వేయించండి. అప్పుడే ఇక్కడి రోగాలకూ ధనుర్వాతానికీ తగ్గ రక్షణ ముర్రుపాలలోకి దిగుతుంది.