మంత్రి గారూ, ఆ ‘వేరే గది’ ఎక్కడుంది?

గౌరవనీయులైన కెనడా ఆరోగ్య మంత్రి గారికి,

ఇంగ్లీషులో మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ‘మీ లేఖ అందింది’ అన్న ఒకే జవాబు వచ్చింది. అందుకే ఈసారి నా భాషలో రాస్తున్నాను. మీకు అర్థం కాదని తెలుసు. ఇంగ్లీషులో రాస్తే మాత్రం ఏం అర్థమైంది కనుక!

కెనడా ఉత్తర కొసన మంచు ప్రాంతమైన నునావుట్‌లో, ఒక చిన్న ఊరి హెల్త్ సెంటర్‌లో నర్సుని. పుట్టింది ప్రకాశం జిల్లాలో. రాబోయే మహమ్మారికి సిద్ధంగా ఉండమని మాకు మళ్లీ పోస్టర్లు వచ్చాయి. ‘జ్వరం వస్తే వేరే గదిలో ఉండండి, తరచూ చేతులు కడుక్కోండి.’ ఇక్కడి ఆదివాసులైన ఇనుయిట్ల భాష ఇనుక్టిటుట్‌లో కూడా వేశారు, ముచ్చటగా ఉంది.

అది పట్టుకుని ఒక ఇంటికి వెళ్లాను. రెండు పడగ్గదులు, పదకొండు మంది. హాల్లో పరుపులు గోడకి నిలబెట్టి ఉన్నాయి, రాత్రికి దించుతారు. పెద్దావిడ దగ్గుతోంది, ఒళ్లో మనవరాలు. ‘వేరే గది ఏది?’ అని కూతురు నన్నే అడిగింది. ఏం చూపించను? బయట మైనస్ 38.

ఇక చేతులు కడుక్కోవడం. ఈ ఊళ్లో పైపుల్లేవు, ట్యాంకర్ వచ్చి ఇంటి ట్యాంకు నింపాలి. మంచు తుఫాను లేస్తే అదీ రాదు. చిన్నప్పుడు ఎండాకాలమంతా బిందెతో ట్యాంకర్ కోసం నిలబడ్డదాన్ని, నాకీ టెన్షన్ కొత్త కాదు. కెనడాలో కూడా పడతాననే అనుకోలేదు.

ఇనుయిట్ వాళ్లకి మహమ్మారి పాఠాలు అక్కర్లేదు మంత్రి గారూ. 1918లో కెనడా తూర్పు తీరాన లాబ్రడార్‌లో ఓకాక్ అనే ఇనుయిట్ల ఊరికి ఓడలో ఫ్లూ వచ్చింది, 263 మందిలో 204 మంది పోయారు. 2020లో నునావుట్‌కి రావాలంటే ముందు రెండు వారాలు దక్షిణాది హోటళ్లలో ఉండాల్సిందే అన్నారు, నవంబరు దాకా ఒక్క ఊళ్లోకీ కోవిడ్ రానివ్వలేదు. తీరా వచ్చాక ఇక్కడి ఆర్వియాట్ అనే ఊళ్లో ఎంత త్వరగా పాకిందో మీకు తెలుసు. ఇరుకిళ్లలో పాకక ఏం చేస్తుంది?

ఇనుయిట్ ప్రాంతాల్లో క్షయని 2025కి సగం చేస్తాం, 2030కి లేకుండా చేస్తాం అని 2018లో మాటిచ్చింది మీ ప్రభుత్వమే. 2025 దాటిపోయింది. నేనింకా క్షయ పరీక్షకి కఫం డబ్బాలు విమానం ఎక్కిస్తూనే ఉన్నాను, అదీ వాతావరణం దయతలిస్తే.

ఇళ్లు కట్టించండి. ఎన్ని, ఎప్పటికో చెప్పండి. సరుకు ఓడలు వేసవిలోనే వస్తాయి, కలప ఈసారి ఎక్కించకపోతే మళ్లీ ఏడాది ఆగాలి. దండం పెట్టి అడుగుతున్నాను, ఇళ్లు కట్టించండి. కుదరదంటే పోస్టర్‌లో ఆ ఒక్క లైనైనా తీసేయండి.

పోస్టర్లు మాత్రం ఇక చాలు. ఇంకా రెండు కట్టలు విప్పనేలేదు.

ఇట్లు,
ఒక నర్సు