200 కేబీలో ఇమడని మా ఇంటి దస్తావేజు: మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర సమాచార సాంకేతిక శాఖ మంత్రివర్యులకు,

హైదరాబాదు చిక్కడపల్లి నుంచి ఒక విశ్రాంత లెక్కల మాస్టారు నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

ప్రభుత్వ పోర్టల్‌లో దరఖాస్తుకు జతచేసే పత్రం 200 కేబీ మించరాదన్న నిబంధన విషయమై ఇంతకుముందు మూడు వినతిపత్రాలు పంపాను. మొదటి రెండింటికీ ఉలుకూ పలుకూ లేదు. మూడోదానికి మాత్రం, ఆధారాలను 200 కేబీ మించకుండా జతపరచి మళ్లీ పంపవలసిందని జవాబు వచ్చింది. నా ఫిర్యాదే ఆ 200 కేబీ మీద అన్న సంగతిని జవాబిచ్చిన వారు గమనించినట్టు లేదు.

మా నాన్నగారు 1978లో కొన్న ఇంటి దస్తావేజు 24 పేజీలు. అదంతా ఒకే పీడీఎఫ్‌గా, 200 కేబీ లోపు అప్‌లోడ్ చేయాలట. భాగించి చూస్తే పేజీకి ఎనిమిది కేబీల చిల్లర వచ్చింది. ఒక్క ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, రంగులతో స్కాన్ చేస్తే, కుదించకముందు అది సుమారు 26 ఎంబీ. జేపెగ్ పద్ధతిలో అది బాగా తగ్గుతుంది, నిజమే. కానీ ఆ పద్ధతి ఫొటోల కోసం పుట్టినది కాబట్టి, మరీ బిగిస్తే ముందుగా చెదిరేవి అక్షరాల అంచులే. మన లిపిలో అంచు చెదిరితే ద ఏదో ధ ఏదో తేలదు. సర్వే నంబరులో 3 కాస్తా 8 అవుతుంది.

జిరాక్స్ షాపు కుర్రవాడు డీపీఐ 72కు దించి, మొత్తం 196 కేబీకి తెచ్చాడు. పోర్టల్ స్వీకరించింది. పదకొండు రోజుల తరువాత "పత్రము అస్పష్టము" అని తిరస్కరించారు. స్పష్టంగా స్కాన్ చేయించి తీసుకువెళితే, సైజు ఎక్కువని ఈసారి పోర్టలే తిప్పికొట్టింది. ఎనిమిదేసి పేజీల చొప్పున మూడు ముక్కలు చేద్దామంటే రెండో ఫైలుకు చోటే లేదు. చివరికి రంగులు తీసేసి, ఉత్త నలుపు తెలుపులో చేయించాము. సైజు బాగా తగ్గింది గానీ, స్టాంపు కాగితం మీది నగిషీ అంతా నల్లటి చుక్కలై అక్షరాల మీద పడింది, సబ్ రిజిస్ట్రారు గారి ఊదారంగు ముద్ర సిరా మరకగా మారింది. మళ్లీ తిరస్కరణ. రుసుము మాత్రం ప్రతిసారీ ఏ కుదింపూ లేకుండా వసూలైంది.

ఇంకొక మాట. సైజు తగ్గించడానికి ఆ కుర్రవాడు మా దస్తావేజును, ఆధార్‌ను ఏదో ఉచిత వెబ్‌సైటుకు ఎక్కించాడు. అది ఏ దేశానిదో అతనికీ తెలియదు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం చేసుకున్న దేశంలో, పౌరుణ్ణి ఆ గుమ్మం దాకా తోస్తున్నది ప్రభుత్వ నిబంధనే కదా!

ఇంతకూ, ఈ నిబంధనను ప్రకటించిన నాలుగు పేజీల సర్క్యులర్ ఎంతుందో తమరు చూశారా? 38 ఎంబీ, అదీ అడ్డంగా తిరిగి ఉంది. కంప్యూటర్లో టైపు చేసినదాన్ని ప్రింటు తీసి, సంతకం పెట్టి, మళ్లీ రంగుల్లో స్కాన్ చేశారు. నేరుగా పీడీఎఫ్‌గా భద్రపరచి డిజిటల్ సంతకం చేసి ఉంటే కొన్ని వందల కేబీలతో పోయేది.

అయ్యా, మమ్మల్ని స్పష్టమైన ప్రతి పంపనివ్వండి. కుదించే పని తమ సర్వర్లే చేసుకోవచ్చు. అందుకు ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయని తమ ఇంజనీర్లకు నేను చెప్పాలా? కనీసం పేజీల సంఖ్యను బట్టి పరిమితి పెట్టండి. అదీ కాదంటే, పోర్టల్ ఒప్పుకున్న సైజులో ఉన్న పత్రాన్ని అస్పష్టమని తిరస్కరించకండి.

ఈ లేఖకు దస్తావేజు నకలు జతపరచడం లేదు. కారణం తమకు విదితమే. అనుమతిస్తే అసలు ప్రతినే తీసుకుని తమ పేషీకి వస్తాను. గుమ్మం దగ్గర దాని సైజు మాత్రం అడగవద్దని మనవి.

ఇట్లు,
తమ విధేయుడు,
మూడుసార్లు తిరస్కరింపబడిన ఒక దరఖాస్తుదారు