వ్యాపారి అంటే ఏం అమ్మాడో కూడా రాయండి

సంపాదకుడి గారికి నమస్కారం అండి,

మొన్న ఆదివారం అనుబంధంలో స్పానిష్ ఆర్మడా (1588లో ఇంగ్లండ్ మీదకి స్పెయిన్ పంపిన యుద్ధనౌకల దండు) మీద వేసిన వ్యాసం బాగుంది, మావాడికి కూడా చదివి వినిపించా. అందులో ఇంగ్లండ్‌కి చెందిన సర్ జాన్ హాకిన్స్‌ని "సాహస నావికుడు, వ్యాపారి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు, వాడేమో వెంటనే "ఏం అమ్మేవాడు నాన్నా?" అన్నాడు. వ్యాసం మొత్తం మళ్లీ వెతికినా జవాబు లేదు.

మనుషుల్ని అమ్మేవాడండీ. 1562లో బయల్దేరి సియెర్రా లియోన్ తీరంలో ఓ 300 మంది ఆఫ్రికన్లని, కొందర్ని కత్తి పెట్టి, కొందర్ని పోర్చుగీసు ఓడల్లోంచి లాక్కుని, సముద్రం దాటించి హిస్పానియోలా దీవిలో (ఇప్పటి హైతీ, డొమినికన్ రిపబ్లిక్) అమ్మేసి తోళ్లు, అల్లం, పంచదార, ముత్యాలు వేసుకుని ఇంటికొచ్చాడు. లాభం చూసిన ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ 1564 ట్రిప్పుకి తన ఓడే ఇచ్చింది, దాని పేరు "జీసస్ ఆఫ్ లూబెక్", ఏం చెప్తాం. 1568లో మెక్సికో తీరంలో సాన్ హువాన్ దె ఉలువా దగ్గర స్పెయిన్ వాళ్లు మోసం చేసి కొట్టారని మీరు రాశారు కదా, ఆ ప్రయాణం కూడా బానిసల్ని అమ్ముకోడానికే, ఆ ముక్క మాత్రం వదిలేశారు.

నేవీకి ట్రెజరర్‌గా ఓడల్ని బాగుచేయించింది నిజమే, 1588లో ఆర్మడా మీద పోరాడి సముద్రం మీదే నైట్‌హుడ్ ("సర్" బిరుదు) అందుకున్నాడు, గాయపడ్డ నావికుల కోసం చాథమ్‌లో నిధి పెట్టించినవాళ్లలో ఒకడు. అవి తీసేయమని నేనట్లేదు.

కొందరు "ఆ కాలం అలాంటిది, ఇప్పుడెందుకు తవ్వడం" అంటారు. సార్, 1565లో ఆయనకిచ్చిన వంశచిహ్నం పైన ఉన్న బొమ్మేంటో తెలుసా? తాడుతో కట్టేసిన ఆఫ్రికన్ మనిషి. ఆయనే దాచుకోలేదు, గొప్పగా నెత్తిన పెట్టుకున్నాడు, నాలుగొందల ఏళ్ల తర్వాత మనం ఆయన తరఫున మొహమాటపడడం ఏంటి? ఆయన సొంతూరు ప్లిమత్‌లోనే 2020లో ఆయన పేరున్న స్క్వేర్‌కి జాక్ లెస్లీ పేరు పెట్టాలని కౌన్సిల్ నిర్ణయించింది. లెస్లీ ఆ ఊరి క్లబ్‌కి ఆడిన నల్లజాతి ఫుట్‌బాలర్, 1925లో ఇంగ్లండ్ టీమ్‌కి సెలెక్ట్ చేసి మళ్లీ పక్కన పెట్టేశారు. దాని మీద అక్కడ గొడవలూ అయ్యాయి, అవనివ్వండి, కనీసం వాళ్లు విషయం తెలిసి గొడవపడ్డారు.

వచ్చే ఆదివారం సవరణ వేస్తే "వ్యాపారి" ముందు "బానిసల" అని ఒక్క మాట చేర్చండి చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు, రాజమండ్రి