మస్టాంగ్ వైపు నా వాదన

పాలకొల్లు

బావా,

నీ ఉత్తరం అందింది. గొప్ప ఫైటర్ విమానం ఏదన్న మన వాదనలో ఈసారి కూడా అమెరికా జెట్ ఎఫ్-15 జెండానే ఎత్తేవు. గాలిపోరులో 104 కూల్చింది, తను ఒక్కటీ కూలలేదు అని, ఆ 104–0 అన్న అంకె రెండుసార్లు రాసి, రెండో దాని కింద గీత కూడా కొట్టేవు. ఆ అంకెని నేను కాదనను. 1979లో లెబనాన్ మీద ఇజ్రాయెల్ పైలట్లు ఖాతా తెరిచిన దగ్గర్నుంచీ ఆ విమానం చేసిన పని మామూలుది కాదు. కానీ ఇన్నేళ్ళ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా గొప్ప ఫైటర్ ఏదంటే నా ఓటు రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా ఫైటర్ పీ-51 మస్టాంగ్‌కే. అదీ రోల్స్ రాయిస్ వాళ్ళ మెర్లిన్ ఇంజను పెట్టిన మస్టాంగ్‌కి. ఎందుకో విడమరిచి రాస్తాను, తీరిగ్గా చదువు.

మనవాళ్ళు ఎవరు ఈ వాదన మొదలెట్టినా ఎంత వేగం, ఎంత చిన్న వంపులో తిరుగుతుంది, ఎన్ని తుపాకులు, ఇక్కడే తిరుగుతారు. పెట్రోలు సంగతి ఒక్కడూ అడగడు. నేను మొదట అడిగేది అదే. అవసరమైన చోటికి అది వెళ్ళగలదా? వెళ్ళి, అక్కడ పోట్లాడి, మళ్ళీ ఇంటికి రాగలదా? 1942 ఏప్రిల్ 6న మన కాకినాడ మీదా, విశాఖ మీదా జపాను బాంబులు పడ్డాయి కదా. ర్యూజో అనే ఒక చిన్న విమానవాహక నౌక బంగాళాఖాతంలోకి రాబట్టే యుద్ధం మన గుమ్మంలోకొచ్చింది. జపాను వాళ్ళ జీరో ఫైటర్‌కి అంత పేరొచ్చిందీ దూరం వల్లే, డ్రాప్ ట్యాంకుతో, అంటే గాల్లోనే వదిలెయ్యగల బయటి పెట్రోలు ట్యాంకుతో, 3,000 కి.మీ. పైన పోయేది. అయితే ఆ దూరం కోసం బరువు కోసేసేరు. పైలట్ వెనక ఉక్కు రేకు లేదు, తూటా తగిలితే చిల్లు తనంతట పూడుకునే ట్యాంకు లేదు. నాలుగు తూటాలు తగిలితే అంటుకునేది. అలా కాకుండా దూరమూ ఉండాలి, ఒళ్ళూ గట్టిగా ఉండాలి, అక్కడికెళ్ళాక ఎదుటివాడి కన్నా వేగమూ ఉండాలి. మూడూ ఒక్కచోట కుదిరింది మస్టాంగ్‌లోనే.

1943 అక్టోబరు 14 సంగతి నీకు తెలుసు. ష్వైన్‌ఫర్ట్ బాల్ బేరింగు ఫ్యాక్టరీల మీదికి ఇంగ్లండు నుంచి 291 బీ-17 బాంబర్లు బయల్దేరేయి. 60 తిరిగి రాలేదు. ఒక్కోదాంట్లో పదేసి మంది. తోడొచ్చిన అమెరికా థండర్‌బోల్ట్ ఫైటర్లు జర్మనీ సరిహద్దు దాకా వచ్చి, పెట్రోలు చాలక వెనక్కి తిరిగేయి. అవి తిరగ్గానే జర్మన్ ఫైటర్లు మీద పడ్డాయి. ఆ దెబ్బతో తోడు లేకుండా జర్మనీ లోపలికంటా పోయే దాడులు ఆపేసేరు. ఐదు నెలలు తిరక్కుండానే, 1944 మార్చిలో, అవే బాంబర్లు బెర్లిన్ మీదికెళ్ళేయి. పక్కన మస్టాంగ్‌లున్నాయి. మార్చి 6న 69 బాంబర్లు పోయాయి, నిజమే. కానీ ఈసారి జర్మన్ల వైపు పోయిన పైలట్లకి బదులు దొరకలేదు. విమానాన్ని ఫ్యాక్టరీ మళ్ళీ చేసిస్తుంది, అనుభవమున్న పైలట్‌ని చేసివ్వలేదు. యుద్ధం మలుపు తిరగడమంటే నాకు అదే. ఇక్కడ థండర్‌బోల్ట్‌కి అన్యాయం చెయ్యకూడదు. దానికి ముందు, 1944 ఫిబ్రవరిలో జర్మనీ మీద జరిగిన గాలిపోరులో ఎక్కువ బరువు మోసింది అదే, మస్టాంగ్‌లు అప్పటికింకా కొద్దిగానే ఉన్నాయి.

మస్టాంగ్ పుట్టుక చూడు. 1940లో బ్రిటిష్ వాళ్ళు పీ-40 అనే పాత రకం ఫైటర్లు చేసిపెట్టమని నార్త్ అమెరికన్ కంపెనీని అడిగితే, అంతకన్నా మంచిది మేమే గీసిస్తామన్నారు వాళ్ళు. ఆ అక్టోబరు 26నే మొదటిది ఎగిరింది. ఒళ్ళు అద్భుతం, ఇంజనే లోటు. మొదట పెట్టిన అల్లిసన్ ఇంజను 15 వేల అడుగుల కింద చక్కగా లాగేది, పైకెళ్తే చతికిలబడేది. 1942 ఏప్రిల్ 30న రోల్స్ రాయిస్ టెస్ట్ పైలట్ రానీ హార్కర్ దాన్ని నడిపి చూసి, దీనికి మెర్లిన్ 61 పెట్టాలన్నాడు. ఆ అక్టోబరులోనే పెట్టి ఎగరేసేరు.

30 వేల అడుగుల దగ్గర గాలి నేల మీద ఉన్నదాంట్లో మూడో వంతుకి కాస్త ఎక్కువంతే. ఇంజనుకి ఊపిరి అందదు. మెర్లిన్ 61లో గాలిని నొక్కే చక్రాలు రెండు, ఒకదాని వెనక ఒకటి. మొదటిది నొక్కిన గాలిని రెండోది మళ్ళీ నొక్కుతుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది, ఆ వేడి గాలి అలాగే సిలిండర్లోకి వెళ్తే పెట్రోలు వేళ కాని వేళ పేలి పిస్టన్లు పగిలిపోతాయి. అంచేత మధ్యలో దాన్ని చల్లబరిచే ఏర్పాటు పెట్టేరు. చక్రాలకి రెండు వేగాలు. ఎత్తును బట్టి గేరు దానంతటదే మారుతుంది. మారినప్పుడు విమానం ఒక్క కుదుపు కుదుపుతుంది, కొత్త పైలట్లు దానికి హడలిపోయేవారట. అమెరికాలో ఈ ఇంజన్ని ప్యాకార్డ్ కార్ల కంపెనీ చేసింది.

బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్‌కీ మెర్లినే కదా అంటావు. అదే ఇంజనుతో మస్టాంగ్ గంటకి 40, 50 కి.మీ. ముందుండేది. రేడియేటర్‌ని పొట్ట కింద, బాగా వెనక్కి పెట్టడం దానికి ఒక కారణం. గాలి సన్న నోట్లోంచి దూరుతుంది, లోపల గొట్టం వెడల్పవుతుంది కాబట్టి నెమ్మదిస్తుంది, రేడియేటర్ వేడి పుచ్చుకుని ఉబ్బి, వెనక సన్నటి తలుపులోంచి జోరుగా బయటికి తన్నుకొస్తుంది. ఆ తన్నుతో రేడియేటర్ వల్ల కలిగే అడ్డు చాలామటుకు తీరిపోతుంది. పైగా స్పిట్‌ఫైర్ లోపల పట్టేది 386 లీటర్లే. మొదట్లో దాని మెర్లిన్‌కి ఇంకో జబ్బు కూడా ఉండేది. ముక్కు ఒక్కసారి కిందికి తోస్తే కార్బురేటర్లో పెట్రోలు పైకి లేచి ఇంజను ఆగేది. ముందు పెట్రోలు అందక, ఆ వెంటనే ఎక్కువై ముంచెత్తి. జర్మన్ ఫైటర్ బీఎఫ్ 109కి నేరుగా సిలిండర్లోకి చిమ్మే పద్ధతి ఉండేది కాబట్టి వాడు ముక్కు తోసి హాయిగా తప్పించుకునేవాడు. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరమ్మ, పూర్తి బలం మీద ఇంజనుకి కావలసినంత పెట్రోలు మాత్రమే పారే కొలతతో కన్నం పెట్టిన చిన్న ఇత్తడి ముక్క చేసింది. ఎయిర్‌ఫీల్డులు తిరిగి మరీ అది పెట్టించింది. అన్నిట్లోకీ నాకు నచ్చిన మరమ్మతు అది.

ఇహ అసలు సంగతి, పెట్రోలు. మస్టాంగ్‌కి రెక్కకొకటి చొప్పున 348 లీటర్ల ట్యాంకులు. పైలట్ వీపు వెనక 322 లీటర్లది ఇంకోటి, ఇది తర్వాత చేర్చింది. రెక్కల కింద రెండు డ్రాప్ ట్యాంకులు, పెద్దవైతే ఒక్కోటి 409 లీటర్లు. అన్నీ కలిపి 1,836 లీటర్లు. ఏది ముందు వాడాలి, ఏది తర్వాత అన్నదాంట్లోనే పైలట్ ప్రాణం ఉంటుంది.

స్టార్టింగూ, టేకాఫూ ఎడమ రెక్క ట్యాంకు మీద. ఎందుకంటే కార్బురేటర్ వాడగా మిగిలిన పెట్రోలూ ఆవిరీ తిరిగి ఆ ఎడమ ట్యాంకులోకే వస్తాయి. దాన్ని నిండుగా ఉంచి వేరేదాంట్లోంచి తాగిస్తే, తిరిగొచ్చినదంతా గొట్టంలోంచి బయటికి పొర్లిపోతుంది. కాస్త ఖాళీ అయ్యాక వీపు ట్యాంకుకి మార్చి, అందులో 110–130 లీటర్లు మిగిలేదాకా వాడాలి. ఆ తర్వాతే డ్రాప్ ట్యాంకులు. మోసుకొచ్చిన బయటి ట్యాంకులు వదిలేసి ముందు లోపలిది ఎందుకు తాగాలి అంటావా? వీపు ట్యాంకు నిండుగా ఉంటే బరువు వెనక్కి పోతుంది. నరసాపురం రేవులో పంటు మీద లారీని చివరికంటా జరిపితే ముందు భాగం ఎలా లేస్తుందో, అలాగే ముక్కు పైకి లేవాలని చూస్తుంది. కంట్రోల్ కర్ర లాగుతూ గట్టి మలుపు తిప్పితే, కాసేపటికి లాగడం మానేసి ఎదురు తొయ్యాల్సొస్తుంది. కర్ర తనంతట పొట్టలోకి వచ్చేస్తుంది. అప్పుడు శత్రువు ఎదురైతే చచ్చేమే. అంచేత పోరు మొదలయ్యే లోపల ఆ ట్యాంకు దిగిపోయి తీరాలి.

డ్రాప్ ట్యాంకులకి మీటరు లేదు. గడియారం చూసుకుని, ఒకటి కాసేపు, ఇంకోటి కాసేపు మార్చుకుంటూ వాడాలి. మార్చకపోతే ఒక రెక్క బరువై విమానం పక్కకి ఒరుగుతుంది. రెక్క ట్యాంకుల మీటర్లు కాళ్ళ దగ్గర నేల మీదుంటాయి, వీపు ట్యాంకుది ఎడమ భుజం వెనక. మెడ తిప్పి చూసుకోవాలి. శత్రువు కనపడగానే ముందు పెట్రోలు మీట రెక్క ట్యాంకుకి తిప్పాలి, ఆ తర్వాతే డ్రాప్ ట్యాంకులు వదలాలి. కంగార్లో తలకిందులు చేస్తే, ఇంజను ఊపిరి లేని గొట్టాన్ని పీలుస్తూ ఆగిపోతుంది. బాగా ఎత్తులో డ్రాప్ ట్యాంకులోంచి పెట్రోలు తనంతట రాదు. గైరో మీటర్లు నడిపే వాక్యూమ్ పంపు వదిలే గాలినే తెచ్చి ఆ ట్యాంకుల్లోకి ఎక్కించేరు. పారబొయ్యాల్సిన గాలితో పెద్ద చిక్కు తీరిపోయింది.

ఆ 409 లీటర్ల ట్యాంకులు కాగితంవి, బావా! బ్రిటన్లో అదిమిన కాగితాన్ని జిగురుతో అతికించి చేసేరు. నింపిన కొన్ని గంటల్లో వాడెయ్యాలి, లేకపోతే జిగురు కరిగి కారిపోతుంది. అందుకే బయల్దేరబోయే ముందు నింపేవారు. దాడి రద్దయితే ఆ ట్యాంకులు పనికిరావు. తేలిక, చవక, పైగా కింద పడ్డా జర్మన్లకి రేకు ముక్క కూడా దక్కదు.

లోపాలు దాచను. రేడియేటర్‌కి ఒక్క తూటా తగిలితే నీళ్ళు పోయి, కాసేపట్లో ఇంజను పట్టేస్తుంది. గాలితో చల్లబడే థండర్‌బోల్ట్ ఇంజను సిలిండర్ ఊడినా ఇంటికి తెచ్చేది. నేల మీది లక్ష్యాల కోసం కిందకి దిగిన మస్టాంగ్‌లు చాలా పోయింది అందుకే. మొదటి బీ రకంలో తుపాకులు నాలుగే. రెక్క పల్చన కాబట్టి వాటిని ఒరగబెట్టి అమర్చేరు. గట్టి మలుపులో తూటాల పట్టీ మడతపడి ఇరుక్కునేది. గ్రౌండు మెకానిక్కులు బీ-26 బాంబర్ల నుంచి పట్టీ లాగే మోటార్లు తెచ్చి బిగించేరు. డీ రకంలో ఆరు తుపాకులు నిటారుగా పెట్టి, 1,880 తూటాలిచ్చేరు. చుట్టూ కనపడే అద్దం గుడ్డు కూడా పెట్టేరు. దానికోసం వీపు కోసేయడంతో ముక్కు పక్కకి ఊగడం ఎక్కువై, తోక ముందు చిన్న రెక్క అతకాల్సొచ్చింది. ఖరీదు కూడా చూడు. 1945లో మస్టాంగ్ సుమారు 51 వేల డాలర్లు, థండర్‌బోల్ట్ 83 వేలు.

మన ఊళ్ళో ఎవర్నడిగినా మిగ్-21 అంటారు. వాళ్ళ అభిమానంలో తప్పేం లేదు. 1971 డిసెంబరు 14న ఢాకా గవర్నమెంట్ హౌస్ కప్పులోంచి రాకెట్లు దింపితే గవర్నర్ ఆ రోజే రాజీనామా చేసేడు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పేదాకా మన వాయుసేనని మోసింది. 11 వేల పైన తయారైన సూపర్‌సోనిక్ ఫైటర్ ఇంకోటి లేదు. కానీ దాని త్రికోణపు రెక్క గట్టి మలుపులో వేగం మింగేస్తుంది, దిగేటప్పుడు వేగం మరీ ఎక్కువ, ఇంధనమేమో కొద్ది. ఆ 1971 డిసెంబరు 14నే శ్రీనగర్ మీద నాట్ అనే మన బుల్లి ఫైటర్‌తో నిర్మల్‌జీత్ సింగ్ సెఖాన్ ఒక్కడే పాకిస్తాన్ సేబర్ జెట్లకి ఎదురెళ్ళి పరమవీర చక్ర పొందేడు. నాట్ అంత చిన్నది కాబట్టే కంటికి ఆనేది కాదు. చక్రాలు సగం దింపితే అవే బ్రేకులు. తుపాకులు ఇరుక్కోవడమే దాని శాపం.

ఇప్పుడు నీ ఎఫ్-15. 2007 నవంబరు 2న మిస్సోరీ మీద ఒక ఎఫ్-15సీ మామూలు సాధనలో పైలట్ సీటు వెనక రెండు ముక్కలయింది. పైలట్ బతికేడు. చూస్తే, పొడుగునా పోయే లాంజిరాన్ అనే కమ్మీ డ్రాయింగులో ఉన్న మందం కన్నా పల్చగా తయారైంది. అక్కడ పగులు పుట్టి ఏళ్ళ తరబడి పాకింది. దీన్ని నేను నేరంగా చూపడం లేదు. అన్నేళ్ళు మోసిన విమానం అది. నా అభ్యంతరం వేరు. 1991 గల్ఫ్ యుద్ధంలో ఆ విమానం వెనక శత్రువెక్కడో చెప్పే అవాక్స్ రాడార్ విమానం ఉంది, గాల్లో తాగించే ట్యాంకర్ ఉంది. ఎదురొచ్చిన ఇరాకీలకి అంత సాయం లేదు. 104లో ఆ సాయం వాటా ఎంతో తీసెయ్యకుండా విమానం ఒక్కదానికే మొత్తం రాసిచ్చెయ్యడం నాకు న్యాయమనిపించదు.

జెట్లలోనే ఎంచుకోమంటే నేను సుఖోయ్-27 వైపు మొగ్గుతాను, మన సుఖోయ్-30 కూడా ఆ కుటుంబందే. ఎఫ్-15సీ లోపల సుమారు 6,100 కిలోల ఇంధనం పడితే, దాంట్లో 9,400 కిలోలు. డ్రాప్ ట్యాంకులే అక్కర్లేదు. అయితే నిండా నింపితే గట్టి మలుపులు తిప్పకూడదు, పోరుకి సరైన బరువు 5,270 కిలోలతోనే. మస్టాంగ్ వీపు ట్యాంకు దగ్గరున్న చిక్కే ఇక్కడా ఇంకో రూపంలో ఉందన్నమాట. పక్క ట్యాంకులు అతికిస్తే ఎఫ్-15 కూడా అంత దూరం పోతుందని నువ్వు రాస్తావు, నాకు తెలుసు. రాసేటప్పుడు ఆ ట్యాంకుల బరువుతో మలుపు ఎంత తగ్గుతుందో కూడా లెక్క కట్టి పంపు.

అక్కయ్యకి నమస్కారాలు, పిల్లలకి ఆశీస్సులు.

నీ బావ